మా తమ్ముడు తిక్కోడా? కర్నూలు సోదరి ఉత్తరానికి జవాబు

ఉత్తరం: "నేను కర్నూలులో ఉంటాను. పెళ్లయింది, ఒక పాప, ఈ ఏడు బీఈడీ చేస్తున్నాను. పుట్టిల్లు అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా తమ్ముడికి 33 ఏళ్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రెండేళ్ల కిందట వదిలేసి వచ్చి నలభై గొర్రెలు కొన్నాడు. రాత్రిళ్లు మంద దగ్గరే పడుకుంటాడు. గడ్డం, జుట్టు పెంచాడు. గొర్రెపిల్లలతో మాట్లాడతాడు. మూడు సంబంధాలు వద్దన్నాడు. మందలో పుట్టిన ప్రతి పిల్లకూ నోటుబుక్కులో లెక్క రాస్తాడు, మా పాప వస్తే దాన్ని భుజాన ఎక్కించుకుని తిప్పుతాడు, కానీ పెద్దవాళ్లతో రెండు మాటలకు మించి మాట్లాడడు. ఊరంతా తిక్కోడంటోంది. మా మేనమామ బలవంతంగానైనా పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోదామంటున్నాడు. నా పుస్తకంలో అపసామాన్య ప్రవర్తనకు (అంటే మామూలుకు భిన్నమైన ప్రవర్తనకు) నాలుగు నిర్వచనాలున్నాయి. ఒకదాని ప్రకారం వాడు అపసామాన్యుడే, ఇంకోదాని ప్రకారం కాదు. ఏది నమ్మాలి? ఇంట్లో ఇప్పటికే టెన్షన్. చీనీ (బత్తాయి) తోట ఎండిపోయినప్పటి నుంచి నాయన సరిగా తినడం లేదు, తెల్లారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడట, మనిషి సగమయ్యాడు. పోయిన నెల అమ్మను కూర్చోబెట్టి పాస్‌బుక్కు, బీమా బాండు ఎక్కడున్నాయో చూపించాడు, తన వాచీ మా పెదనాన్న మనవడికి ఇచ్చేశాడు. ఆయన పాపం ఎవరినీ ఇబ్బంది పెట్టడు, రోజూ పాలు పిండి డెయిరీలో పోసి వస్తూనే ఉన్నాడు, ఆయన దిగులంతా వీడి గురించే. వీడేమో నాకు ఫోన్ చేసి 'అక్కా, నాయన సంగతి చూడు' అంటాడు. వీడి సంగతికే మాకు దిక్కు లేదు."

చెల్లెమ్మా,

మీరు అడిగింది తమ్ముడి గురించి. కానీ ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు నాకు భయమేసింది మీ నాయన గురించి. అందుకే ముందు ఆయన సంగతి చెప్తాను. ఇది ఈ రోజే చదవండి, నిర్వచనాల గొడవ రేపు చదువుకున్నా నష్టం లేదు.

తోట పోయిన మనిషి, తిండి తగ్గి, మూడింటికే మెలకువ వచ్చి, చిక్కిపోయి, ఇంటి కాగితాలు భార్యకు అప్పజెప్పి, చేతి వాచీ ఇచ్చేశాడంటే దాన్ని దిగులు అని వదిలేయకూడదు. ఆయన చనిపోవాలని అనుకుంటున్నాడేమోనని నా అనుమానం. నా అనుమానం తప్పయితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పడానికి నేను డాక్టర్ని కాను, ఇరవై రెండేళ్లు డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పినవాణ్ణి. అయినా ఈ గుర్తులన్నీ ఒక మనిషిలో కలిసి కనిపిస్తుంటే ఆగి చూద్దాం అనకూడదని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఫోన్‌లో కాదు, ఊరికి వెళ్లండి. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు పక్కన కూర్చుని నేరుగా అడగండి, "నాయనా, బతకాలని లేదా, చచ్చిపోవాలనిపిస్తోందా" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన ఇళ్లలో భయపడతారు. పుట్టదు, పరిశోధనల్లో తేలిన సంగతే ఇది. ఎవరో ఒకరు అడిగారు కదా అని చాలామందికి గుండె బరువు కొంచెం దిగుతుంది. ఆయన ఔనంటే కోప్పడొద్దు, "మా ముఖం చూసి బతకాలి కదా" అని ఒట్టు వేయించుకోవద్దు, ఆయన చెప్పేది పూర్తిగా వినండి, ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోనూ తోట షెడ్డులోనూ ఉన్న పురుగుల మందు డబ్బాలు అన్నీ అక్కడి నుంచి తీసేయించండి, ఇది మాత్రం మీరు ఊరు చేరేదాకా కూడా ఆగొద్దు, తమ్ముడికి చెప్పండి. చావాలన్న తెగింపు చాలామందిలో ఎక్కువసేపు నిలవదు, ఆ కాసేపట్లో చేతికందే దూరంలో విషం లేకపోతే మనిషి దక్కే అవకాశం ఎక్కువ.

14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, మీరు మీ నాయన కోసం చేసినా సలహా చెప్తారు. ఆ తర్వాత అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. మనిషి సగమయ్యాడంటున్నారు కాబట్టి షుగర్, థైరాయిడ్, క్షయ లాంటివి ఉన్నాయేమో కూడా చూపించండి, అవి ఉన్నా మనిషి ఇలా అవుతాడు. ఒకవేళ మందు డబ్బా దాచుకున్నాడనో, ఫలానా రోజు అనుకున్నాడనో తెలిస్తే ఓపీ రోజు కోసం చూడొద్దు, అప్పుడే 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు మీ పుస్తకం. ఇల్లంతా, ఊరంతా మీ తమ్ముణ్ణి చూస్తూ మీ నాయనను ఎందుకు చూడలేకపోయిందో ఆ నాలుగు నిర్వచనాల్లోనే ఉంది.

మొదటిది లెక్క. పదిమందిలో అరుదుగా కనిపించేది అపసామాన్యం అంటుంది. తెలివితేటల పరీక్ష ఐక్యూలో సగటు 100. 70 కంటే తక్కువ వచ్చేవాళ్లు నూటికి ఇద్దరికి కాస్త ఎక్కువ, 130 దాటినవాళ్లూ సరిగ్గా అంతే. లెక్క ప్రకారం ఇద్దరూ ఒకటే అరుదు. కానీ మొదటి పిల్లవాడికి బడిలో సాయం కావాలంటాం, రెండోవాడికి వీధిలో స్వీట్లు పంచుతాం. అంటే అరుదు అన్న మాటలో మంచీ చెడ్డా లేదు, అది మనం పక్కన నిలబడి కలుపుతున్నదే. కంప్యూటరు వదిలి గొర్రెలు కాసేవాడు మీ మండలంలో ఒక్కడే ఉండొచ్చు, ఒక్కడే కావడం జబ్బు కాదు. దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. బోర్లు ఎండిన ఊళ్లో "ఎవడికి నిద్ర పడుతోందిలే" అంటారు చూడండి, అక్కడ నిద్రపట్టకపోవడమే మామూలైపోతుంది, మామూలు కాబట్టి ఎవరూ అడగరు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, వాళ్లలో ఎక్కువమందికి వైద్యమే అందడం లేదని కూడా. నూటికి పదిమందికి ఉన్నదాన్ని అరుదు అనలేం. అయినా వైద్యం కావాల్సిందే.

రెండోది కట్టుబాటు. సమాజం ఒప్పుకోనిది అపసామాన్యం. మన సీమలో పుట్టినవాళ్లకు దీని బలహీనత పుస్తకం లేకుండానే తెలుస్తుంది. నార్పల దగ్గర గూగూడులో మొహర్రం రోజుల్లో కుళ్లాయి స్వామి పీర్ల ముందు హిందువులూ ముస్లింలూ కలిసి నిప్పుల్లో నడుస్తారు, పిల్లల్ని ఎత్తుకుని నడిచేవాళ్లను చూశాను. దసరా రాత్రి దేవరగట్టులో మాళ మల్లేశ్వర స్వామి కోసం కర్రలు పట్టుకుని వేలమంది కలబడతారు, తలలు పగిలితే పసుపు అద్దుకుంటారు. అదే మనిషి అదే పని మామూలు మంగళవారం కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో చేస్తే స్టేషనుకో ఆసుపత్రికో తీసుకుపోతారు. పని అదే, మనిషి అతనే, చోటూ రోజూ మాత్రమే మారాయి. కాలం మారినా అంతే. వేమన గోచీ కూడా లేకుండా తిరిగాడని చెప్పుకుంటారు, ఈ కొలత పట్టుకుంటే ఆయన మొదటి చూపులోనే అపసామాన్యుడని తేలుతుంది, ఈ రోజు కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధికి దండం పెడుతున్నాం.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ రెండో నిర్వచనం మనుషులకు చేసిన నష్టం చాలా పెద్దది. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు, యజమాని దగ్గర నుంచి పారిపోయే నల్లజాతి బానిసలకు ఒక మానసిక జబ్బు ఉందని రాశాడు, దానికి డ్రాపెటోమేనియా అని పేరు కూడా పెట్టాడు. సంకెళ్లు తెంచుకోవాలనుకోవడం జబ్బట! స్వలింగ ప్రేమను అమెరికా సైకియాట్రీ సంఘం తన జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో, మన సుప్రీంకోర్టు దాన్ని నేరం కాదన్నది 2018లో. ఆ తేదీలకు ముందురోజుకీ మర్నాటికీ ఆ మనుషుల్లో ఏ మార్పూ రాలేదు. మారింది చూసేవాళ్లు. పెళ్లి వద్దన్నవాణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కుపోదాం అన్న మీ మేనమామ మాట విన్నప్పుడు నాకు ఆ జాబితాలే గుర్తొచ్చాయి. ఆయన మంచికోరే అంటున్నాడు, నాకు తెలుసు, కానీ పెళ్లి చేసుకోకపోవడానికి మందు లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు.

మూడోది మీ పరీక్షకు అన్నిటికంటే పనికొచ్చేది, నిజ జీవితానికి కూడా దగ్గరిది. రోజువారీ బతుకు నడుపుకోలేకపోవడం. రోజెన్‌హాన్, సెలిగ్‌మన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1989లో దీనికి ఏడు గుర్తులు రాశారు. బాధపడటం, తనకే నష్టం చేసే తీరు, అర్థంపర్థం లేకుండా ఉండటం, ఎప్పుడేం చేస్తాడో తెలియకపోవడం, అందరికీ భిన్నంగా కొట్టొచ్చినట్టు కనిపించడం, చూసేవాళ్లకు ఇబ్బంది కలగడం, నీతి కట్టుబాట్లు దాటడం. ఎన్ని ఎక్కువ ఉంటే అంత ఆలోచించాలంటారు. ఇప్పుడు ఇవి చేతిలో పట్టుకుని ఇద్దరినీ చూడండి. మీ తమ్ముడిలో కనిపించేవి కొట్టొచ్చినట్టు కనిపించడం, చూసేవాళ్లకు ఇబ్బంది. ఈ రెండూ అతని లోపల ఉన్నవి కావు, మన కళ్లలో ఉన్నవి. మీ నాయనలో కనిపించేవి బాధ, తనకే నష్టం. ఈ రెండే అసలైనవి, కానీ ఇవి పక్కవాడికి అడ్డం రావు. ఆయన పాలు పిండి డెయిరీలో పోస్తున్నాడు కాబట్టి బాగున్నట్టే లెక్క! లోపల ఇల్లు కూలిపోతున్నా గడప ముందు రోజూ ముగ్గు పడుతూ ఉండే మనుషులు చాలామంది ఉంటారు, రాయలసీమ రైతుల్లో మరీ ఎక్కువమందిని చూశాను, వాళ్లకు పని ఆపడం అంటే పరువు పోవడమే. అందుకే ఈ మూడో నిర్వచనం కూడా వాళ్ల దగ్గర ఓడిపోతుంది.

నాలుగోది సైకాలజిస్టు మేరీ జహోడా 1958లో చెప్పింది, ఆమె దారి వేరు. జబ్బును కాకుండా ఆరోగ్యాన్ని నిర్వచిద్దాం అంది. తన మీద తనకు గౌరవం, ఎదుగుదల, ఒత్తిడికి తట్టుకోవడం, సొంత నిర్ణయం, ఉన్నది ఉన్నట్టు చూడగలగడం, పరిసరాల మీద పట్టు. చదవడానికి బాగుంటుంది. కానీ ఈ ఆరూ ఎప్పుడూ నిండుగా ఉన్న మనిషిని నేను చూడలేదు. సొంత నిర్ణయం అన్నది కూడా, నలుగురు కూర్చుని మాట్లాడుకుని పిల్లల చదువు దగ్గర నుంచి పొలం అమ్మకం దాకా నిర్ణయించుకునే మన ఇళ్లలో మరోలా ఉంటుంది, దాన్ని లోపం అనలేం.

కాబట్టి ఏది నమ్మాలి అంటే, ఒక్కటే పట్టుకుని మనిషి మీద ముద్ర వేయడానికి వీటిలో ఏదీ పనికిరాదు. డాక్టర్లు వాడే అమెరికా సైకియాట్రీ సంఘం పుస్తకం డీఎస్ఎమ్ 2013లో వచ్చిన ఐదో కూర్పులో ఈ సంగతి ఒప్పుకుంది. ఆలోచనలోనో, భావాలు అదుపులో పెట్టుకోవడంలోనో, ప్రవర్తనలోనో చెప్పుకోదగ్గ గండి ఉండాలి, దాని వెనక లోపల ఏదో సరిగా పనిచేయకపోవడం ఉండాలి, మామూలుగా దానితో బాధో బతుకు నడవకపోవడమో ఉంటుంది అంటుంది. సమాజంతో గొడవపడటం ఒక్కటే జబ్బు కాదని, ఆప్తుల చావు లాంటి నష్టానికి ఎవరికైనా కలిగే దుఃఖం జబ్బు కాదని కూడా రాసింది. ఈ చివరి మాట మంచిదే, కానీ మీ నాయన విషయంలో దీన్ని వాడుకోకండి. తోట పోతే ఎవరైనా బాధపడతారు అన్న మాట నిజం, ఆ నిజం చాటున మనిషి జారిపోతున్నా కనిపించదు. దిగులుకు కారణం తెలిసినంత మాత్రాన అది కుంగుబాటు జబ్బు కాకుండా పోదు. రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువ భాగం దిగులు లేదా దేని మీదా ఆసక్తి లేకపోవడం, దానితో నిద్ర, ఆకలి, బరువు, చావు ఆలోచనలు లాంటివి కలిస్తే డాక్టర్లు దాన్ని జబ్బుగానే చూస్తారు, మందులతోనూ మాటలతోనూ చాలామందికి నయమవుతుంది. రెండు వారాలు అన్న గీత కూడా మనుషులు గీసుకున్నదే, పదమూడో రోజు అంతా బాగుండి పద్నాలుగో రోజు జబ్బు మొదలవదు, కాని ఎక్కడో ఒకచోట గీయకపోతే వైద్యం మొదలవదు.

చట్టం సంగతి మీ మేనమామకు చెప్పండి, మెత్తగానే చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది. ఒక మనిషి తన చుట్టూ ఉన్నవాళ్ల నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకో, పని గురించిన విలువలకో, మత నమ్మకాలకో తగ్గట్టు లేడన్న కారణంతో అతనికి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని మూడో సెక్షన్ చెప్తుంది. ఉద్యోగం వదలడం, గడ్డం పెంచడం, పెళ్లి వద్దనడం, ఇవన్నీ ఆ మాటలోకే వస్తాయి. ఇష్టం లేకుండా ఆసుపత్రిలో చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, తనకో ఇతరులకో హాని ఉందనో, తనను తాను చూసుకోలేకపోతున్నాడనో తేల్చాలి. మేనమామ ఇష్టం చాలదు.

అయితే మీ తమ్ముడికి ఏమీ లేదని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ఊరికి వెళ్లినప్పుడు అతణ్ణి ఊళ్లోవాళ్లతో పోల్చకుండా అతని పాత రోజులతో పోల్చి చూడండి. ముందు నుంచీ తక్కువ మాట్లాడేవాడా, ఇప్పుడే అయ్యాడా? గొర్రెపిల్లలతో మాట్లాడటం నాకు చిన్న విషయం, పశువులున్న ప్రతి ఇంట్లో మాట్లాడతారు. కానీ ఎవరూ లేనిచోట గొంతులు వినిపిస్తున్నాయంటే, ఎవరో తనమీద కుట్ర చేస్తున్నారనో అన్నంలో ఏదో కలుపుతున్నారనో నమ్ముతుంటే, నిద్ర తిండి స్నానం వదిలేస్తే, గంజాయి లాంటిది అలవాటైతే, అప్పుడు డాక్టరు కావాలి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. మందలో పుట్టిన పిల్లలకు లెక్క రాసుకుంటున్నాడు, మీ పాపను భుజాన ఎక్కించుకుంటున్నాడు. బెంగళూరులో ఏం జరిగి వచ్చాడో ఒకసారి అడగండి, అదీ తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. నాయనతోపాటు తానూ డాక్టరుతో మాట్లాడతానంటే మంచిదే, తనంతట తాను వస్తేనే.

మీ ఉత్తరంలో నన్ను బాగా కలచినది ఇంకొకటుంది. రోజెన్‌హాన్ 1973లో ఒక ప్రయోగం రాశాడు, ఎనిమిదిమంది మామూలు మనుషులు గొంతులు వినిపిస్తున్నాయని అబద్ధం చెప్పి అమెరికాలో పన్నెండు ఆసుపత్రుల్లో చేరి, ఆ తర్వాత మామూలుగా ఉన్నా, వాళ్లు నోటుపుస్తకంలో రాసుకోవడాన్ని కూడా అక్కడివాళ్లు జబ్బు లక్షణంగా చూశారని. ఆ ప్రయోగం నిజంగా ఆయన రాసినట్టే జరిగిందా అని 2019లో ఒక జర్నలిస్టు గట్టి ప్రశ్నలే వేసింది, అందుకే దాన్ని నేను రుజువుగా చెప్పను. ఆయన చెప్పదలచుకున్న ప్రమాదం మాత్రం మీ ఇంట్లోనే ఉంది. తిక్కోడు అన్న పేరు పడ్డాక అతని మాటకు విలువ పోయింది. నాయన మారిపోతున్నాడని మీ ఇంట్లో మొదట గమనించినవాడు అతనే. "అక్కా, నాయన సంగతి చూడు" అని నోరు తెరిచి చెప్పినవాడూ అతనే. రాత్రిళ్లు మంద దగ్గర మెలకువగా ఉండేవాడికి, మూడింటికి ఇంట్లో లైటు వెలగడం కనిపించి ఉండొచ్చు. మీరు ఆ మాటను ఇంకో ఫిర్యాదుగా నాకు రాశారు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు చెల్లెమ్మా, ఊరంతా ఒక మాట అంటున్నప్పుడు అక్కకైనా అలాగే వినిపిస్తుంది.

బస్సెక్కే ముందు అతనికి ఫోన్ చేయండి. ఆ రోజు ఏం చూసి అలా అన్నావని అడగండి, మధ్యలో ఆపకుండా వినండి. తర్వాత మందు డబ్బాల సంగతి చెప్పి, మీరు వచ్చేదాకా రాత్రిళ్లు మంద వేరేవాళ్లకు అప్పగించి నాయన పక్కన పడుకోమనండి.